కొలతల పుస్తకం

నల్ల సూటు సంగతి బయటపడి ఆ మంగళవారానికి ఆరు రోజులు.

అప్పటిదాకా రూఫస్ మాబ్రీ గురించి హాల్సీ ఊళ్ళో ఎవరు మాట్లాడినా రెండే మాటలు. ఎంత ఎత్తు! ఎంత మర్యాద! ఆర్కాన్సా పత్తి చేల మధ్య ఉన్న ఆ ఊరికి యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టే సర్వస్వం. ఆ జట్టుకి రూఫస్ మూలస్తంభం. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి, చదువు రెండో ఏడు. పోయిన మార్చిలో, ప్రూయిట్‌లో కలప మిల్లు కూలీ అయిన అతని తండ్రి క్లైడ్ పని మధ్యలో గుండె ఆగి పోయాడు. శవపేటిక వెంట నడవడానికి రూఫస్‌కి ఒంటికి పట్టే కోటు లేదు. కోచ్ స్ట్రిక్లండ్ అతన్ని కార్లో ఎక్కించుకుని మెయిన్ వీధిలోని బ్రానిగన్ బట్టల దుకాణానికి తీసుకెళ్ళాడు. యజమాని హోయ్ట్ బ్రానిగన్ ఉన్న పనులన్నీ పక్కన పెట్టించి ఒకటిన్నర రోజులో సూటు కుట్టించాడు. డాలరు మాట ఎత్తలేదు. తనే నాలుగు గంటలు కారు నడిపి ప్రూయిట్ శ్మశానంలో టోపీ తీసి నిలబడ్డాడు. "ఇవాళ్టి నుంచి నీకు నేనున్నాను నాన్నా" అన్నాడు. ఆనాటి నుంచి ఆదివారం మధ్యాహ్నం భోజనం ఆయనింట్లోనే.

కాలేజీ ఆటగాడు ఊళ్ళో వ్యాపారస్తుల దగ్గర చొక్కా గుండీ కూడా ఉచితంగా తీసుకోకూడదని క్రీడా సంఘం నియమం. పోయిన బుధవారం ఆ సంఘం పంపిన నోవాక్ అనే మనిషి వచ్చి, "ఆ సూటు నీకెవరిచ్చారు?" అని అడిగాడు. "నోరు మెదపకు. అంతా బ్రానిగన్ చూసుకుంటాడు" అని కోచ్ అంతకు ముందే చెప్పి ఉంచాడు. రూఫస్ నోరు మెదపలేదు.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి వ్యాయామశాల తలుపు మీద జట్టు పేర్లు అంటించారు. రూఫస్ రెండుసార్లు చదివాడు. పన్నెండు పేర్లున్నాయి. అతని పేరు లేదు.

కోచ్ గది తలుపు వేసి ఉంది. లోపల ఆయన దగ్గిన చప్పుడు వినిపించింది. బయట కూర్చున్న గుమస్తా రూఫస్ మొహం చూడకుండా ఒక కవరు చేతిలో పెట్టింది.

"ఆయన లోపలే ఉన్నారు కదండీ?"

"లేరు బాబూ."

"దగ్గుతున్నారు."

"లేరనే చెప్పమన్నారు" అని ఆమె టైపు మిషను వైపు తిరిగిపోయింది.

ఉత్తరం పొట్టిదే. ఆటగాడు రూఫస్ మాబ్రీ తనంతట తానే దుకాణానికి వెళ్ళి, ఖర్చు యూనివర్సిటీ భరిస్తుందని అబద్ధం చెప్పి సూటు కుట్టించుకున్నట్టు యజమాని ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చాడు. కోచ్‌కు గాని, యూనివర్సిటీకి గాని ఈ సంగతి తెలియదు. అందువల్ల ఈ సీజనంతా అతన్ని ఆట నుంచి తప్పించడమైనది. స్కాలర్‌షిప్ సంగతి తర్వాత నిర్ణయిస్తారు. కింద రెండు సంతకాలు. కోచ్‌ది ఒకటి. రెండోదానిలో ఇంటిపేరు వంపులు తిరిగిన పెద్ద 'బి' అక్షరంతో మొదలవుతుంది. ఆ సంతకం రూఫస్‌కి బాగా తెలుసు. పోయిన పుట్టినరోజుకి వచ్చిన కార్డు మీద అదే ఉంది.

అతను కోటు వేసుకోవడం మరిచిపోయి వీధిలోకి నడిచాడు. నవంబరు గాలి చొక్కాలోంచి దూరుతోంది. మంగలి దుకాణం ముందు నిలబడ్డ ఇద్దరు అతన్ని చూసి, "శనివారం దుమ్ము దులపాలి రూఫస్!" అని అరిచారు. వాళ్ళకింకా తెలియదు. అలవాటు కొద్దీ చెయ్యి ఊపి ముందుకు సాగాడు.

బ్రానిగన్ మెడలో టేపు వేసుకుని, ఊరి పళ్ళ డాక్టరుకి పంట్లాం కొలతలు తీస్తున్నాడు. రూఫస్ చేతిలో కవరు చూశాడు. మోకాళ్ళ మీద నుంచి మెల్లగా లేచాడు.

"డాక్టరు గారూ, ఏమీ అనుకోకుండా మధ్యాహ్నం వస్తారా?"

డాక్టరు ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూసి, ఒక కాలికి గుండుసూదులతోనే తెరచాటుకి వెళ్ళి పంట్లాం మార్చుకుని వెళ్ళిపోయాడు. బ్రానిగన్ గుమ్మం దగ్గర బోర్డు తిప్పి 'మూసి ఉంది' అనే వైపు పెట్టాడు.

"కూర్చో నాన్నా."

"నాన్నా అనకండి సర్."

ఆ మాట తన నోటి నుంచి అంత ప్రశాంతంగా వస్తుందని రూఫస్ అనుకోలేదు. ఉత్తరం విప్పి గాజు బల్ల మీద పరిచాడు. గాజు కింద వరసగా నెక్‌టైలు చుట్టలు చుట్టి ఉన్నాయి.

"ఇది మీ సంతకమేనా?"

"ముందు కాస్త కూర్చుని..."

"మీ సంతకమేనా అని అడిగాను."

"నాదే."

"నేను ఈ దుకాణానికి ఒక్కణ్ణే వచ్చానా?"

"లేదు."

"ఖర్చు యూనివర్సిటీ ఇస్తుందని చెప్పానా?"

"నువ్వా రోజు నోరు విప్పి ఒక్క మాట అనలేదు. అద్దంలో కూడా చూసుకోలేదు" అన్నాడు బ్రానిగన్. ఆయన గొంతులో తడి ఉంది. అది నటన కాదని రూఫస్‌కి అర్థమైంది. నటన అయితే బావుండేదనిపించింది.

"మరి ఇదేమిటి?"

బ్రానిగన్ టేపు తీసి వేలికి చుట్టడం మొదలుపెట్టాడు. "విను. నోవాక్ దగ్గర ఉన్నది నీ సూటు సంగతి ఒక్కటే కాదు. కుర్రాళ్ళకి కార్లిచ్చినవాళ్ళున్నారు, పని చెయ్యకుండా జీతాలిచ్చినవాళ్ళున్నారు. ఈ వీధిలో చెయ్యి తడపని దుకాణం లేదు. అదంతా తవ్వితే రెండేళ్ళు జట్టుకి ఆటే ఉండదు. కోచ్ పోతాడు. ఊరు పోతుంది. వాళ్ళకో పేరు కావాలి రూఫస్. ఒక్క పేరు దొరికితే మూట కట్టుకుని వెళ్ళిపోతారు."

"అందుకని నా పేరిచ్చారు."

"నీది చిన్న తప్పు! తండ్రి చావుకి కుట్టిన సూటు. ఎవడికైనా జాలే వేస్తుంది. ఒక్క సీజను కూర్చుంటావు, తర్వాత మళ్ళీ..."

"చావుకి జాలిపడి మీరిచ్చారంటే జాలి వేస్తుంది. ఇందులో నేను అబద్ధమాడి కాజేసిన దొంగని. మా అమ్మ దీన్ని పేపర్లో చదవాలి. ప్రూయిట్‌లో చర్చికి వెళ్ళేవాళ్ళంతా చదవాలి."

"ఆ మాటలు లాయరు రాశాడు. నేను ఇచ్చానంటే ఎవరు తీసుకొచ్చారని అడుగుతారు. కోచ్ మెడకి చుట్టుకుంటుంది."

"పన్నెండు మంది ఉన్నారు. నా పేరే ఇవ్వమని ఎవరన్నారు? కోచా?"

బ్రానిగన్ టేపు చుట్టడం ఆపాడు. వెనక గది తెర అవతల నడుస్తున్న కుట్టుమిషను అప్పుడే ఆగింది.

"కోచేనా?"

"కాదు. నేనే."

"ఎందుకు?"

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ నలగని చొక్కా, చెదరని పాపిట. ఆ క్షణంలో మాత్రం వంటింట్లో దొంగతనంగా తింటూ దొరికిపోయిన పిల్లాడిలా ఉన్నాడు.

"మిగతావాళ్ళలో ఎవడి పేరు ఇచ్చినా వాడు నా మొహం మీద ఉమ్ముతాడు. ఉన్నదంతా బయట పెట్టేస్తాడు. నువ్వయితే అర్థం చేసుకుంటావనుకున్నాను. నువ్వయితే... నన్ను క్షమిస్తావనుకున్నాను."

ఎన్ని ఆదివారాలు! ఆ ఇంటి బల్ల దగ్గర బ్రానిగన్ భార్య మళ్ళీ మళ్ళీ మొక్కజొన్న రొట్టె వడ్డించడం, ఈయన పక్కన కూర్చుని తన చిన్నప్పటి కబుర్లు చెప్పడం, వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి భుజం తట్టడం. ఆ మెత్తదనమంతా తనలో ఈయన చూశాడు. చూసి, గుర్తు పెట్టుకుని, అవసరం పడ్డ రోజున దాన్నే పట్టుకున్నాడు.

"మా నాన్న సమాధి దగ్గర టోపీ తీసి నిలబడ్డారు. అప్పుడు మీకేం కావాలి సర్ నా దగ్గర?"

"ఒట్టు, ఆ రోజు నాకేమీ వద్దు. ఆ రోజు నిజం."

"నిన్న ఈ సంతకం పెట్టిన చెయ్యి కూడా మీదే కదా."

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముందు తలుపు తీస్తే వీధిలో మళ్ళీ ఎవరికో చెయ్యి ఊపాలి. దుకాణం పొడుగునా నడిచి, తెర తప్పించుకుని, వెనక గుమ్మంలోంచి సందులోకి వచ్చేశాడు. వెనకనుంచి బ్రానిగన్ పిలిచాడు. ఒకసారి పేరుతో. రెండోసారి పిలవడానికి ఆయనకు ఏ పిలుపూ దొరకలేదు కాబోలు, ఊరుకున్నాడు.

సందులో చెత్తడబ్బాల పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఏడుపు వస్తుందనుకున్నాడు. రాలేదు.

"ముందు ఊపిరి పీల్చుకో నాయనా."

గుమ్మంలో మిస్ ఓపల్ నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఆ దుకాణంలో కుట్టేది ఆవిడే. బక్కపలచని నల్లజాతి మనిషి. మెడలో రిబ్బనుకి కత్తెర, జాకెట్టుకి వరసగా సూదులు. రూఫస్ నల్ల సూటు కుట్టిన చేతులు అవే. ముందు గుమ్మంలోంచి ఆవిడ దుకాణంలోకి రావడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

"అంతా విన్నాను. గోడలు గుడ్డతో కట్టిన దుకాణం మరి." ఆవిడ చంకలో ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒకటుంది. "ఆ కాగితం కింద సాక్షిగా నన్నూ సంతకం పెట్టమన్నాడు. పెట్టనన్నాను. కళ్ళజోడు దొరకట్లేదన్నాను. నెత్తి మీదే ఉంది. ఆయనా చూశాడు, నేనూ చూశాను."

రూఫస్ చూపు ఆ పుస్తకం మీద పడింది.

"ఇది నా కొలతల పుస్తకం. పదకొండేళ్ళ నుంచి జట్టులో ఈ గుమ్మం తొక్కిన ప్రతివాడి ఒళ్ళూ ఇందులో ఉంది. పేరు, తారీఖు, ఎవరు తీసుకొచ్చారో కూడా. బట్ట బిగుతైతే ఎవరికి ఫోను చెయ్యాలో తెలియాలి కదా. నీ పేజీలో కోచ్ పేరు ఉంది. నా చేతిరాతే. ఇది నోవాక్ చూశాడంటే నువ్వు అబద్ధాలకోరువని ఎవడూ అనలేడు."

"మీ ఉద్యోగం పోతుంది మిస్ ఓపల్."

"పోతే పోనీ. మోకాళ్ళు ఎప్పుడో పోయాయి." పుస్తకం ఇవ్వడానికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. "ఇచ్చేముందు ఒక పేజీ చూపించాలి. ఇన్నాళ్ళూ దాచాను. చూశాక వద్దంటే పుస్తకం తీసుకెళ్ళి లోపల పెట్టేస్తాను. నిన్నేమీ అనను."

వేలు పెట్టి గుర్తు పెట్టుకున్న పేజీ విప్పింది.

క్లైడ్ మాబ్రీ, ప్రూయిట్. ఛాతీ నలభై రెండు. చేతి పొడవు ముప్పై అయిదు. ఎడమ భుజం ముప్పావు అంగుళం కిందికి. తారీఖు ఎనభై నాలుగు ఫిబ్రవరి పధ్నాలుగు. తీసుకొచ్చినవారు: కోచ్ స్ట్రిక్లండ్.

రూఫస్ ఆ భుజం దగ్గరే ఆగిపోయాడు. పాతికేళ్ళు దుంగలు మోసి మోసి తండ్రి ఎడమ భుజం జారిపోయింది. ఫొటోల్లో కూడా ఆయన ఎప్పుడూ కాస్త ఒరిగినట్టే ఉంటాడు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తెలుసు. ఒంటి మీద టేపు పెట్టి చూసిన మనిషికీ తెలుస్తుంది.

"ఆయన్ని ఏ సూటులో పాతిపెట్టారో గుర్తుందా?" అని మెల్లగా అడిగింది ఓపల్.

"గోధుమరంగుది. చర్చివాళ్ళు ఇచ్చారన్నాడు."

"చర్చివాళ్ళు కాదు నాయనా."

ఎనభై నాలుగు ఫిబ్రవరి. హాల్సీ జట్టులో చేరతానని రూఫస్ సంతకం పెట్టింది ఆ ఏడు ఏప్రిల్లో. ఈ రెంటి మధ్య ఒక రోజు అతనికి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. వంటింటి బల్ల మీద, తమ జట్టులో చేరమని టెనెసీ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. అక్కడ పశువుల డాక్టరు చదువు ఉంది. అది చదవాలని అతనికి చిన్నప్పటి నుంచి ఆశ. తండ్రి ఎదురుగా కూర్చుని, "నీ మనసుకి ఏది తోస్తే అది చెయ్యి, నేను ఒక్క మాట అనను" అన్నాడు. మర్నాడు పొద్దున బూట్లు తొడుక్కుంటూ, "హాల్సీ అయితే మీ అమ్మకి దగ్గర" అన్నాడు. అంతే అన్నాడు. ఆ ఒక్క మాటకే రూఫస్ టెనెసీని వదిలేశాడు. ఆ ఆదివారం చర్చిలో తండ్రి లేచి నిలబడి, "ఎంతమంది ఎన్ని ఆశలు చూపినా నా కొడుకుని అమ్మలేదు" అని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రూఫస్ తలెత్తుకుని కూర్చున్నాడు. అప్పుడు తండ్రి ఒంటి మీద ఉన్నది ఆ గోధుమరంగు సూటే.

"సూటు ఒక్కటేనా మిస్ ఓపల్?"

"నాకు తెలిసింది గుడ్డ వరకే."

"నాన్న ఏమైనా అన్నాడా?"

"మా అబ్బాయికి తెలియనివ్వకండి అన్నాడు. తనే ఎంచుకుంటున్నానని అనుకుంటున్నాడు, అలాగే అనుకోనివ్వండి అన్నాడు. అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. సంతోషంగా మాత్రం లేడు."

రూఫస్ చెయ్యి చాపాడు. ఓపల్ పుస్తకం ఇచ్చేసి, లోపలికి వెళ్ళకుండా, సందు చివర మలుపు తిరిగేదాకా అతన్నే చూస్తూ నిలబడింది.

నోవాక్ ఊరి గ్రంథాలయం మేడ మీద ఒక గది అద్దెకు తీసుకున్నాడు. రూఫస్ ఆ మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఎంతసేపో తెలియదు. పుస్తకం కుట్టు వదులుగా ఉంది. ఒక్క కాగితం లాగితే చప్పుడు లేకుండా వచ్చేస్తుంది. తన పేజీ ఉంటుంది, తండ్రి పేజీ పోతుంది. ఎవరికీ తెలియదు. ఓపల్ చెప్పదు. రెండుసార్లు ఆ కాగితాన్ని వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. జేబులో ఉత్తరం గుచ్చుకుంది. లాగితే ఆ ఉత్తరంలో రాసిన మనిషి తనే అవుతాడు. లాగకపోతే తండ్రి పరువుని తనే వీధిలోకి ఈడుస్తాడు. చనిపోయినవాడి మీద ఇంత కోపం రావచ్చునని అతనికి ఆ రోజే తెలిసింది. కాగితాన్ని వదిలేసి లేచాడు.

నోవాక్ సన్నటి మనిషి. జలుబుతో ముక్కు ఎర్రబడి ఉంది. గుడ్డు పెట్టిన రొట్టె తింటున్నవాడు, రూఫస్‌ని చూసి గబగబా చేతులు తుడుచుకున్నాడు.

"మాట్లాడాలనుకుంటున్నావా?"

రూఫస్ పుస్తకం విప్పి బల్ల మీద పెట్టాడు. తన పేజీ కాదు.

"ఇక్కణ్ణుంచి మొదలుపెట్టండి సర్."

నోవాక్ వంగి చదివాడు. తారీఖు దగ్గరికి వచ్చేసరికి నమలడం ఆపేశాడు.

"ఈయన నీకేమవుతారు?"

"మా నాన్న."

"ఈ తారీఖుకి అర్థమేమిటో తెలుసా బాబూ? నువ్వు చేరకముందే ఇచ్చారు. అంటే నిన్ను రప్పించడానికి ఇచ్చారు. అప్పుడిది ఒక్క సీజనుతో పోదు. నువ్వు ఆడిన మొదటి మ్యాచి నుంచి నీకు ఆడే అర్హతే లేదంటారు. గెలిచినవన్నీ కొట్టేస్తారు. స్కాలర్‌షిప్ పోతుంది. ఈ పుస్తకంలో ఉన్న ప్రతి పేరునీ పిలుస్తారు. మీ నాన్న పేరు మొదట చదువుతారు."

రూఫస్ తండ్రి పేరు వంక చూశాడు.

నోవాక్ టేపు రికార్డరు వంక చూశాడు. అదింకా తిరగడం లేదు. లేచి కోటు తీసుకున్నాడు. "ఎదురుగా హోటల్లో కాఫీ తెచ్చుకుంటాను. పది నిమిషాలు పడుతుంది. నేను వచ్చేసరికి పుస్తకం ఈ బల్ల మీద ఉంటే మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. లేకపోతే నువ్వు ఇవాళ ఇటు రాలేదు. నా ఉద్యోగంలో ఇలా చెయ్యకూడదు. నాకూ ఓ కొడుకున్నాడు."

తలుపు మూసుకుంది. గదిలో రూఫస్, పుస్తకం మిగిలారు. కింద ఎవరో అల్మారాలో పుస్తకాలు సర్దుతున్న చప్పుడు. అతను ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. నోవాక్ అప్పుడే తిరిగొచ్చాడా అనుకున్నాడు. తలుపు తెరుచుకుంది.

రూఫస్ తల్లి ఎర్లీన్. ఆసుపత్రి లాండ్రీలో పనికి వేసుకునే తెల్ల గౌను మీద పాత కోటు. నాలుగు గంటలు బండి నడిపిన కళ్ళు.

"ఏరా, ఏమైనా తిన్నావా?"

"అమ్మా! నువ్విక్కడికెలా?"

"ఓపల్ నిన్న సాయంత్రమే ఫోను చేసింది. ఇందాక దుకాణం వెనక్కి వెళితే ఇక్కడున్నావని చెప్పింది."

"ఓపల్ నీకెలా తెలుసు?"

ఆమె వచ్చి నోవాక్ కుర్చీలో కూర్చుంది. పుస్తకం తనవైపు తిప్పుకుని, భర్త పేరు మీద వేలితో ఒకసారి రాసింది. కంట తడి పెట్టలేదు.

"మీ నాన్న నిన్ను అమ్మేశాడనుకుంటున్నావు కదూ?"

"ఆయన పేరే కదమ్మా ఇది. ఆయన ఒంటి కొలతలే కదా."

"ఆయనవే. ఆ రోజు పొద్దున ఇల్లు కదలనని మొండికేశాడు. తలుపు దగ్గర కూర్చుండిపోయాడు. నా వల్ల కాదు ఎర్లీన్, పిల్లాడి మొహం చూడలేను అన్నాడు."

ఎర్లీన్ తలెత్తి కొడుకు కళ్ళలోకి సూటిగా చూసింది.

"చెయ్యి పట్టుకు లేపి, కోచ్ కార్లో కూర్చోబెట్టి పంపింది నేనురా."